తవుడు పోసి కొన్నవాడు

"నిన్ను తవుడు పోసి కొన్నాంరా" అని అక్క ఆటపట్టించడం టైలర్‌కి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. అరవై దాటినా ఆవిడ అనడం మానలేదు, ఇతను ఉడుక్కోవడమూ మానలేదు. ఓసారి అమ్మ ముక్కూ తన ముక్కూ టేపు పెట్టి కొలిచాడు. ఏమీ తేలలేదు.

ఆఖరికి ల్యాబ్ నుంచి మూడు గొట్టాలు తెప్పించాడు. ముగ్గురూ ఉమ్మి ఇస్తే ఎవరు ఎవరి బిడ్డో చెప్పేస్తారట.

"తేలిపోనీ అమ్మా, వీడి గోల వదులుతుంది" అంటూ అక్క ముందుగా ఊసింది. నవ్వుకుంటూ గొట్టం నిండా ఊసింది. తర్వాత టైలర్ ఊశాడు. అమ్మకి మాత్రం నోట్లో తడే లేదు. బతిమాలగా బతిమాలగా నాలుగు చుక్కలు రాల్చింది.

ల్యాబ్ మనిషి సోమవారం గానీ రాడు. ఈలోగా పాడవుతాయేమోనని టైలర్ గొట్టాల్ని ఫ్రిజ్‌లో పెట్టబోయాడు.

"పాల పక్కన ఎంగిలేమిట్రా? తీసెయ్" అంది అమ్మ.

బీరువాలో పెట్టాడు. అమ్మ తీసి పొయ్యి పక్కన పెట్టింది. కుట్టుమిషన్ సొరుగులో దాచాడు. మధ్యాహ్నానికి అవి డాబా మీద, మండుటెండలో, ఆరేసిన బట్టల పక్కన వరసగా ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?"

"ఎంగిలి కదరా, ఎండ తగలనీ."

టైలర్‌కి అర్థమైపోయింది. నిజం బయటపడటం అమ్మకి ఇష్టం లేదు. అంటే అక్క అనేది నిజమేనన్నమాట. ఆ పూట ఎవరిదో చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టేశాడు.

సోమవారం ల్యాబ్ మనిషి వచ్చాడు. సంగతి విని నవ్వాడు.

"ఎండలో పెట్టినా ఏం కాదు పెద్దమ్మా. మూతలో మందుంటుంది. మూత బిగించగానే ఉమ్మిలో కలుస్తుంది. ఇక ఫ్రిజ్ లేకపోయినా ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి కూలబడింది.

టైలర్ వెనకే వెళ్ళి పక్కన చతికిలబడ్డాడు. "పోనీ వద్దులేమ్మా, పంపను. కన్నా కొన్నా నీ కొడుకునే. ఇప్పుడు వెనక్కి ఇచ్చెయ్యవుగా?"

"ఇచ్చెయ్యమ్మా" అని హాల్లోంచి అక్క కేకేసింది. "మన తవుడు మనకి వచ్చేస్తుంది."

అమ్మ తలుపు దగ్గరగా వేసి, కొడుకు చెవిలో గొణిగింది. "తవుడు పోసి కొన్నది దాన్నిరా."