నవలల అరలో ఆత్మకథ

ఒక ప్రముఖుడి ఆత్మకథ వారం వారం నవలల అరలో దొరుకుతోంది. లైబ్రేరియన్‌కు రోజూ వచ్చే ముసలావిడ మీదే అనుమానం. అదను చూసి ఎత్తుకుపోవడానికే అక్కడ దాస్తోందనుకుని, ఆ రోజు బీరువా చాటున మాటు వేసింది.

ముసలావిడ అటూ ఇటూ చూసి పుస్తకాన్ని కొంగు కింద పెట్టుకుంది. తలుపు వైపు వెళ్ళలేదు. నేరుగా నవలల దగ్గరికే నడిచింది.

లైబ్రేరియన్ ఆమె చెయ్యి పట్టుకుంది. “ఎందుకు పెద్దమ్మా ఈ పని? అది నవల కాదు. ఆయన జీవితంలో జరిగిందే రాశారు.”

“నువ్వు చదివావా?”

“చదివాను. మొదటి భార్యా బిడ్డా పురిట్లోనే పోయారని రాసినచోట నాకు ఏడుపాగలేదు.”

“ఆ పోయినదాన్ని నేనేనమ్మా.”

లైబ్రేరియన్ చెయ్యి వదిలేసింది. ముసలావిడ పుస్తకాన్ని నవలల మధ్య నిలబెట్టి, కొంగు సర్దుకుంది.

“ఆ బిడ్డకి మొన్ననే నలభై నిండాయి,” అంది.