చివరిదాకా చూడండి

"మంద పెద్దదైతే చాలదు, గొర్రెల పండ్లు చూడాలి," అంటోంది ఫోనులో ఒక గంభీరమైన గొంతు. "పడమటి పొరుగు దేశం, చైనా దగ్గర కొత్త యుద్ధ విమానాలు కొంటోంది. మనకు నలభై రెండు స్క్వాడ్రన్ల యుద్ధ విమానాలు ఉండాలి, అన్ని లేవు. ఫ్రాన్సు నుంచి తెచ్చుకున్నవి మంచివే కానీ కొన్నే. మనమే తయారు చేసుకుందామంటే ఇంజన్లు అమెరికా నుంచి రావాలి. రేపు యుద్ధం వస్తే మన గతి ఏమిటి? చివరిదాకా చూడండి."

బీరప్ప ఫోనును గొర్ల దొడ్డి గోడకు ఆనించి, పొట్టేలుకు పెరిగిన గిట్టలు కోస్తున్నాడు. పొద్దున్నుంచి ఆ వీడియో పెట్టడం అది మూడోసారి. చాయ్ తెచ్చిన కూతురు మల్లీశ్వరి ఫోను మీద చెయ్యి వేయబోయింది.

"నడిమిట్ల ఆపకు," అన్నాడు బీరప్ప.

"భువనగిరి దవాఖానల డాక్టరు ఏమన్నడు బాపు? బీపీ ఎక్కువున్నది, గీ యుద్ధం ముచ్చట్లు బంద్ పెట్టుమనలేదా?"

"అయిపోవచ్చింది. రెండు నిమిషాలు ఆగు."

బీరప్ప కొడుకు మల్లికార్జున్ వాయుసేనలో విమానాలు బాగుచేసే పని చేస్తాడు. పడమటి సరిహద్దు వైపు ఎక్కడో ఉన్నాడు, ఊరి పేరు చెప్పడు. వారానికోసారి ఫోను చేసి, మంచిగున్న బాపు, గొర్లు మంచిగున్నయా అని అడిగి పెట్టేస్తాడు. మిగిలిన ఆరు రోజులూ బీరప్పకు ఈ వీడియోలే దిక్కు. చూసిన తర్వాత అన్నం సగంలో వదిలేస్తాడు. ఇదివరకు రోజుకు ఒక్కసారి చూసి ఊరుకునేవాడు. నెల రోజులుగా ఒక్కో వీడియో మూడేసి సార్లు చూస్తున్నాడు.

"పండ్లు అరిగిన పొట్టేలును ఎవడన్న మందల ఉంచుకుంటడా?" అన్నాడు చాయ్ అందుకుంటూ. "మనోళ్లు ఉంచుకున్నరంట. మీ అన్న గా ముసలి ఇమానాల కిందనే గద పండుకొని పని చేసేది."

"గవన్నీ ఎవరో గదిల కూసొని రాసేటియి బాపు. వాళ్లకు ఇమానం ఎర్కలేదు, యుద్ధం ఎర్కలేదు."

"అట్లనకు. మంచిగనే రాస్తున్నరు. పండ్లు సూడాలన్నది నా మాటనే గద."

మల్లీశ్వరి ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ మాట బాపు దగ్గర నుంచి ఎత్తుకుపోయింది తనే. ఆ వీడియోలు రాసేదీ తనే.

డిగ్రీ అయ్యాక మూడేళ్లు పోటీ పరీక్షలు రాసి రాసి విసిగిపోయి, హైదరాబాదులోని ఒక చానల్‌కు ఇంటి నుంచే రాసే పనిలో చేరింది. ఎవరి దగ్గర ఎన్ని విమానాలున్నాయి, ఎవరు ఎవరి దగ్గర కొన్నారు, ఎవరివి ఎంత పాతవి. వారానికి నాలుగు రాయాలి. ఇంట్లో మాత్రం బ్యాంకు కాగితాలు టైపు చేస్తున్నానని చెప్పింది. అన్న అక్కడ విమానం కింద పడుకొని బోల్టులు బిగిస్తుంటే, చెల్లె ఇక్కడ ఆ విమానం ఎప్పుడు కూలుతుందో రాస్తోందని ఏ నోటితో చెబుతుంది?

నెల కిందట ఒకసారి ధైర్యం చేసి, మనవాళ్లకు ఏం ఫర్వాలేదని రాసి పంపింది. నాలుగు రోజులకు చానల్ మేనేజరు నాగేందర్ ఫోను చేశాడు. ఆ సమయానికి ఆమె స్నానానికి వెళ్లింది. ఫోను బీరప్ప ఎత్తాడు.

"మీ సారు చేసిండు బిడ్డా," అన్నాడు తర్వాత. "చానసేపు మాట్లాడిండు. పని ముచ్చట, నాకేం సమజైతది."

తిరిగి చేస్తే నాగేందర్ నీరసంగా అన్నాడు. "చూసేవాళ్లు వీడియోను సగంలోనే వదిలేసి పోతున్నారమ్మా. భయం ఉంటేనే జనం కదలకుండా కూర్చుంటారు. పాత పద్ధతిలోనే రాయండి."

ఆమె పాత పద్ధతికి వచ్చింది. పొద్దున తను రాసి పంపిన భయం మర్నాడు మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి బాపు కంచం పక్కన కూర్చునేది. చూడలేక ఒకరోజు అతని ఫోనులో ఆ చానల్ కనబడకుండా చేసింది. బీరప్ప ఆలేరు వెళ్లి, అక్కడ హోటల్ నడిపే ఎల్లేశంతో మళ్లీ పెట్టించుకొచ్చాడు.

"మీ బాపు పుణ్యాన నా హోటల్ల అందరికి స్క్వాడ్రన్ల లెక్క వచ్చింది మల్లీశ్వరీ," అని ఎల్లేశం నవ్వాడు ఒకరోజు. "వీడియో నడుస్తుంటే ఎవరన్న లేస్తే ఊకోడు. చేయి పట్టి కూసోపెడ్తడు."

ఆమెకు నవ్వు రాలేదు. మనిషికి పిచ్చి పట్టిందనుకుంది, పట్టించింది తనే అనుకుంది. ఇక దాచడం తన వల్ల కాదనిపించింది.

దొడ్డిలో వీడియో అయిపోయింది. పొట్టేలును వదిలేసి బీరప్ప చేతులు తుడుచుకుంటున్నాడు.

"బాపు, గా వీడియోలు రాసేది నేనే," అంది మల్లీశ్వరి. "భయపెట్టేటట్టు రాయుమంటరు, రాస్తున్న. అన్నకు ఏం కాదు. నేను రాసినయన్నీ నమ్మకు. ఇగ సూసుడు బంద్ చెయ్యి, నీ కాళ్లు మొక్కుత."

బీరప్ప పొట్టేలు కుంటుతోందేమోనని కాసేపు దాని వైపు చూశాడు. తర్వాత ఫోను అందుకొని, అదే వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టి, గోడకు ఆనించాడు.

"గంత భయమైతుంటె మల్ల ఎందుకు సూస్తవు బాపు?"

బీరప్ప ఫోను మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఆఖరిదాక సూడకపోతే నిన్ను పనిల నుంచి తీసేస్తమని ఆనాడు ఫోన్ల అన్నడు గద బిడ్డా మీ సారు."