నాటుకోడి కింద గుడ్లు

నిద్రపోతున్న మనవడిని భుజాన వేసుకుని, సుభద్రమ్మ వంగి రెండో చేత్తో నాటుకోడిని గుడ్ల మీదినుంచి లేపి రాగుల ముందు దించింది. పొదిగేటప్పుడు దానికి తిండి ధ్యాస ఉండదు. వంగిన నడుము పట్టేసింది.

కూతురు చైత్ర హెల్మెట్ పెట్టుకుంటూ చూసింది. హూడిలో ఉన్న ఆఫీసుకు అప్పటికే ఆలస్యమైంది.

"ఎందుకుమా దీంతో అవస్థ? నాలుగు గుడ్లు పెట్టి మూడు వారాలు కూర్చుంటాది. గిరిరాజ కోళ్లు తెచ్చుకో. పెడతానే ఉంటాయి, పొదగవు."

"మరి వాటి గుడ్లు పొదిగేదెవరు?"

"నాటుకోడి కింద పెట్టేస్తారు కదా. అది ఎవరి గుడ్లయినా పొదుగుతాది."

సుభద్రమ్మ పిల్లాడిని ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకుంది. కోడి నాలుగు గింజలు గబగబా మింగి, మళ్లీ గుడ్ల మీదికి పరుగెత్తింది.

చైత్ర దాన్నే చూస్తూ నిలబడింది. కాసేపటికి హెల్మెట్ తీసి స్కూటర్ మీద పెట్టింది.

"పొద్దున్నుంచి నువ్వేమన్నా తిన్నావామా?"

"తింటాలే. వీడు లేచినాక."

చైత్ర పిల్లాడిని తీసుకుంది.

సుభద్రమ్మ వంటింట్లో నిలబడే, రాగిముద్ద చారులో ముంచి గబగబా మింగుతోంది. వాకిట్లోంచి కూతురి గొంతు వినబడింది.

"కూర్చోని తినుమా. నేనుండాను."