కోసేసిన పేర్లు

“ఆ పేర్లన్నీ కోసేయండి మేడమ్. అంతసేపు ఎవరు వింటారండీ?” అన్నాడు మా మేనేజర్ గోపీనాథ్ ఫోన్లో.

ఎక్కడో ఎడారి నగరంలో మిగిలిన కొద్దిమంది యూదు వృద్ధులు తమవాళ్ల చరిత్ర చెప్పి రికార్డు చేయిస్తే, ఏలూరులో మా ఇంట్లో కూర్చుని ఆ ఆడియో శుభ్రం చేయడం నా ఉద్యోగం. ఆ రోజు ఒక ముసలావిడ దగ్గుకుంటూనే, తమ వీధిలో పోయిన ఆడవాళ్లని పేరుపేరునా తలుచుకుంది. తన తరవాత ఆ పేర్లు తెలిసినవాళ్లు ఎవరూ లేరట.

స్పీకర్లో గోపీనాథ్ మాట విన్న మావయ్యగారు భీమశంకరంగారు మండిపడ్డారు. పౌరోహిత్యంలో తల పండిన మనిషి.

“ఛీ! పేరు కూడా తీసేస్తే ఆ తల్లులకి ఇంకేం మిగులుతుందమ్మా? నువ్వు ముట్టుకోకు.”

ఆ అండతోనే, కొయ్యనని గోపీనాథ్‌కి చెప్పేశాను.

మర్నాడు మహాలయ అమావాస్య. మావయ్యగారు తర్పణాలకి కూర్చున్నారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు గడగడా చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలారు. తల్లి పేరు, నాయనమ్మ పేరు చెప్పారు. నాయనమ్మకి అత్తగారి దగ్గర “గంగ” అన్నారు.

తర్పణాలయ్యాక అడిగాను. “ఆవిడ పేరు గంగేనాండీ?”

“తెలీదమ్మా. తెలియకపోతే మా ఇంట్లో అలా అనేస్తాం. మా నాన్నగారూ అంతే.”

“ముత్తాతగారి పేరు తెలుసు కదండీ?”

“ఆయన పేరు తెలియకపోవడమేమిటమ్మా!” అంటూ లేచి, చేతులు తుడుచుకుని భోజనానికి వెళ్లారు.

ఈసారి ఆయన ఛీ అనడానికి ఫోన్లో అవతల ఎవరూ లేరు.