డ్రైవరు చిన్నప్ప చెప్పాల్సిన మాట

"తోలి చూడండి పెద్దాయనా," అంటూ రామచంద్ర తాళంచెవి అందించబోయాడు.

చిన్నప్ప చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "మావాడు తోల్తాడు లేప్పా. నేను పక్కన కూర్చుంటా."

ఉమేష్‌కు ఆ మాట రుచించలేదు. ధర్మవరంలో పొద్దున్నే బస్సెక్కించి తండ్రిని పెనుకొండకు తీసుకొచ్చింది పక్కన కూర్చోబెట్టడానికి కాదు. బత్తలపల్లి, చెన్నేకొత్తపల్లి, తాడిమర్రి అంటూ వారమంతా తిరిగే ఉద్యోగం అతనిది. మోటారుసైకిలు మీద నడుం పడిపోతోంది. రామచంద్ర అమ్ముతానంటున్న బండి బయటికి జీపులా ఎత్తుగా, లోపల కారులా పొందికగా ఉంది. గతుకుల దార్లకు సరిపోతుంది. కానీ ఉమేష్‌కు లైసెన్సు వచ్చి ఆరు నెలలే. ఇంజను మంచిదో చెడ్డదో చెప్పే తెలివి అతనికి లేదు. ఇంట్లో డ్రైవరును పెట్టుకుని బయటివాళ్లను అడగడమెందుకని భార్యతో గొప్పగా చెప్పి వచ్చాడు.

చిన్నప్ప అనంతపురంలో ఒక పెద్దాఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. కొత్తలో ఒకరోజు ఖాకీ చొక్కాతో ఆఫీసు జీపు ముందు సీట్లోంచి సొంతూళ్లో దిగాడు. ఆ రోజు నుంచి డ్రైవరు చిన్నప్ప. ఉమేష్ పెళ్లిపత్రికలో కూడా ఆ పేరే పడింది.

"మా నాయన ఊఁ అంటే తీసుకుంటా," అన్నాడు ఉమేష్.

"హిందూపురం వాళ్లు పన్నెండుకు వస్తాండారు సార్. ఆలోగా చెప్పల్ల మీరు."

చిన్నప్ప బండి చుట్టూ తిరిగాడు. వంగి, చక్రం పైరేకు లోపల చెయ్యిపెట్టి తడిమాడు. "ఈడ మట్టి నిలిచిండాది. ఇట్లే వదిలేస్తే తుప్పు తింటాది." తలుపు కింది అంచు చూసి, "నీళ్లు పోయే బెజ్జాలు మూసుకుపోయినాయి," అన్నాడు.

"ఎంతైనా డ్రైవరు కండ్లు," అని రామచంద్ర మెచ్చుకున్నాడు.

ఉమేష్ ముఖం వెలిగింది. చిన్నప్ప తల దించుకుని ముందు సీట్లో ఎడం పక్క కూర్చున్నాడు. రామచంద్ర వెనక ఎక్కాడు.

"ఇంజను ఎట్లుండాది నాయనా?" బండి ఊరు దాటుతుంటే ఉమేష్ అడిగాడు.

"సద్దు బాగానే ఉండాది."

"పికప్పు?"

"తోల్తాండేది నువ్వు కదా."

ఎత్తు మొదలైంది. మూడో గేరులో బండి వణికింది, టకటకమని కొట్టుకుంది, ఇక ఎక్కనని మొరాయించింది. ఉమేష్‌కు చెమటలు పట్టాయి. "ఇది ఇంజను తప్పా, నా తప్పా?"

చిన్నప్ప కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"రెండో గేరు వేయండి సార్," అన్నాడు రామచంద్ర వెనక నుంచి. వేయగానే బండి చకచకా ఎక్కేసింది. మలుపు దగ్గర మాత్రం పైభాగమంతా ఒక పక్కకు ఒరిగినట్టయి ఉమేష్ బ్రేకు తొక్కాడు.

"ఎత్తు బండ్లు కొంచెం ఊగుతాయి సార్. అది రోగం కాదు."

అమ్మేవాడు అలా అనక ఇంకెలా అంటాడు? ఉమేష్ బండిని పక్కకు తీసి ఆపాడు. "నాయనా, ఈ పక్కకు రా. దిగేటప్పుడు నువ్వు తోలు. నాకేమీ తెలియడం లేదు."

"నా చేత కాదురా."

"జీపులు తోలిన చేతికి మా చిన్న బండి ఆనదేమో," అని రామచంద్ర నవ్వాడు. అంతలో అతని ఫోను మోగింది. హిందూపురం వాళ్లే. మాట్లాడుకుంటూ దిగి దూరంగా వెళ్లాడు.

పరాయివాడి ముందు తండ్రి తనను చిన్నబుచ్చాడని ఉమేష్‌కు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి మింగుకుంటూ వచ్చిన మాట ఈసారి ఆగలేదు.

"అవ్వను పాము కరిచినపొద్దు కూడా ఇట్లే అంటివి. మనూళ్లో జీపుండేది బాలప్పకొక్కడికే, ఆయప్ప ఆపొద్దు ఊళ్లో లేడని వాళ్లింట్లోవాళ్లు తాళం తెచ్చి నీ చేతిలో పెట్టిరి. నువ్వు కదల్లేదు. ఎద్దులబండి మీద పోతాపోతా దారిలోనే అవ్వ పాణం పాయె. నాకప్పుడు పదకొండేండ్లు. డ్రైవరు కొడుకువి కదా, మీ నాయన జీపు ఎందుకు తీయలేదని ఇస్కూల్లో అందరూ అడుగుతాంటే తల యాడ పెట్టుకోవాల్నో తెలిసేది కాదు."

చిన్నప్ప దిగిపోబోతున్నట్టు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"యాడన్నా మనిషిని గుద్దినావంట కదా, అందుకే స్టీరింగు ముట్టవంట. ఊళ్లో అంతా అదే అంటారు. నిజమేనా?"

"లేదురా. ఎవురినీ గుద్దలేదు."

"తాగినావా ఆపొద్దు?"

"లేదు."

"మరి కన్నతల్లి కండ్ల ముందర పోతాంటే తాళం పట్టుకొని ఎట్ల నిలబడినావు నాయనా?"

అనేశాక ఉమేష్‌కు సిగ్గేసింది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషిని రోడ్డు పక్కన నిలదీస్తున్నాడు. అదీ ఒక బండి కోసం. చాల్లే, పోదాం అనబోయాడు. కానీ తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు. ఎవరో గుడ్డ లాగేసినట్టు చిన్నప్ప రెండు చేతులతో భుజాలు కప్పుకుని, సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు.

"ఆపొద్దే చెప్పాల్సింది," అన్నాడు. "ఊరంతా చుట్టూ నిలబడిండ్రి. మీయమ్మ చూస్తాండాది. నువ్వు చూస్తాండావు. చెప్పేదానికి నోరు రాలేదురా. నా పరువు చూసుకుంటి, మాయమ్మను పోగొట్టుకుంటి."

"ఏం చెప్పేది నాయనా?"

చిన్నప్ప కొడుకు వైపు చూడలేకపోయాడు.

"నేను ఆఫీసులో బండ్లు తోలలేదురా, కడిగినా."