ఉయ్యాలల మూల

జేసీబీ ఇనుప పళ్లు ఉయ్యాల స్తంభాన్ని తాకేలోపే రాజేశ్వరి పరుగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడింది.

“ఆపు! బండి ఆపు అన్నా!”

డ్రైవర్ బీక్యా గబుక్కున లివర్ వెనక్కి లాగాడు. ఆమె తల మీద జానెడు ఎత్తులో బకెట్ ఊగి ఆగింది. అందులోని మట్టిపెళ్లలు రాలి ఆమె భుజాల మీద పడ్డాయి.

“పానం మీద ఆశ లేదా అక్కా? జర పక్కకు జరుగు!”

“జరగ. ఇది పిల్లలు ఆడుకునే పార్కు. ఎవరు కూలగొట్టమన్నరు నిన్ను?”

“ఈ మూల ఎవరో సేటు కొన్నడట. దుకాణాల మడిగెలు కట్టి కిరాయికి ఇస్తడట. మేస్త్రి పొమ్మన్నడు, వచ్చిన.”

“పార్కును ఎట్ల అమ్ముతరు? ఎట్ల కొంటరు?”

“నాకేం ఎరుక? నువ్వు జరిగితే నా పని నేను చేసుకపోత.”

జనగామలో ఇళ్ల స్థలాలకు కొదవ లేదు. అయినా ఈ కాలనీలో ఇల్లు కట్టుకున్నవాళ్లందరూ ఈ పార్కును చూసే కట్టుకున్నారు. సాయంత్రమైతే ఆడవాళ్లంతా ఇక్కడే ఉంటారు. పిల్లలను వదిలేస్తే చీకటి పడేదాకా వెతుక్కోవాల్సిన పని లేదు. ఇప్పుడేమో పిల్లలు బడికి, మగవాళ్లు పనులకు పోయిన వేళ. కావాలనే ఈ వేళ చూసి బండి పంపారని రాజేశ్వరికి అర్థమైంది. ఆమె కదల్లేదు.

మోకాళ్ల నొప్పులు తగ్గాలని రోజూ ఇక్కడే నడిచే ఉప్పలమ్మ ఆయాసపడుతూ వచ్చింది. ఎవరో సేటు కొన్నాడన్న మాట గేటు దగ్గరే ఆమె చెవిన పడింది. చెప్పులు విడిచి, రాజేశ్వరి పక్కన మట్టిలోనే చతికిలబడింది.

“ముందుగాల నన్ను తొక్కిచ్చు బిడ్డా, తర్వాత ఉయ్యాలను” అంది బీక్యాతో.

చుట్టుపక్కల ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు ఒక్కరొక్కరే గేటు దాటి లోపలికి వచ్చారు. అంతలో కాలనీ అధ్యక్షుడు శ్రీపాల్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. అతన్ని చూడగానే ఉప్పలమ్మ లేవబోయి, లేవలేక కూర్చునే అరిచింది.

“నీకు తెల్వకుండ గిక్కడ పుల్ల కదులుతదా శ్రీపాలూ? నువ్వే కొన్నవు! మొన్నటిదాక మా తోని తియ్యతియ్యగ మాట్లాడి గొంతు కోస్తున్నవు!”

“నా పిల్లల మీద ఒట్టు అవ్వా, నాకేం తెల్వదు!”

ఎవరూ నమ్మలేదు. రాజేశ్వరి కూడా నమ్మలేదు.

అప్పుడే స్కూటర్ ఆపి రమాకాంత్ పరుగున వచ్చాడు. రాజేశ్వరి భర్త. బజారులో హార్డ్‌వేర్ దుకాణం. వస్తూనే భార్య చెయ్యి పట్టుకుని గుంజాడు.

“ఏంది గిది? నువ్వు జేసీబీకి అడ్డం పడ్డవని ఎవరో చెప్తే గిరాకిని ఇడిచిపెట్టి ఉరికొచ్చిన. ఇంటికి నడువు!”

“నడువ. మీరు గూడ నా పక్కన నిలబడుండ్రి.”

“పిచ్చి లేసిందా? కాయిదాలు పక్కాగ ఉన్నోళ్లతోని మనకెందుకు లొల్లి?”

“రేపటి నుంచి మన రుచిత యాడ ఆడుకోవాలె? చెప్పుండ్రి. సడక్ మీద, లారీల నడుమనా?”

రమాకాంత్ చెయ్యి వదిలేశాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. నుదుటి మీద చెమట. గొడవలంటే మొదటి నుంచీ భయం ఈయనకి, అనుకుంది రాజేశ్వరి. ఒక్క క్షణం జాలి కూడా వేసింది.

బీక్యా విసుగ్గా ఇంజన్ రేజ్ చేశాడు. నల్లటి పొగ లేచింది. బకెట్ మళ్లీ పైకి కదిలింది. ఆడవాళ్లు కేకలు వేశారు. రాజేశ్వరి కళ్లు మూసుకుని ఉయ్యాల గొలుసును రెండు చేతులా పట్టుకుంది.

“ఆగు తమ్మీ!” శ్రీపాల్ క్యాబిన్ మెట్టు ఎక్కి బీక్యా భుజం పట్టుకున్నాడు. “కొన్నోడు ఎవడో వాని తోని మాట్లాడియ్యి. ఇక్కడ నా ఇజ్జత్ పోతున్నది.”

“మేస్త్రి ఫోన్ ఎత్తుతలేడన్నా. సేటు నంబర్ ఉన్నది గని, పెద్ద లొల్లి అయితేనే చెయ్యమన్నడు.”

“ఇంతకన్న పెద్ద లొల్లి ఏముంటది? చెయ్యి!” అని అరిచింది రాజేశ్వరి.

బీక్యా ఇంజన్ ఆపి ఫోన్ తీశాడు. అందరి కళ్లూ శ్రీపాల్ మీదే. అతను తన ఫోన్ తీసి అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. అది మోగలేదు. కనీసం వెలగను కూడా లేదు.

“డాడీ, ఫోన్ ఎత్తు! డాడీ, ఫోన్ ఎత్తు!”

రాజేశ్వరి ఉలిక్కిపడింది. రుచిత గొంతు. బడి నుంచి ఇంత తొందరగా ఎట్లా వచ్చిందని గేటు వైపు చూసింది. అక్కడ రుచిత లేదు. స్కూటర్ వైపు వడివడిగా నడుస్తున్న రమాకాంత్ మాత్రం ఉన్నాడు, ప్యాంటు జేబును అరచేత్తో గట్టిగా అదుముకుని.

“డాడీ, ఫోన్ ఎత్తు!”

నాన్న పుట్టినరోజుకు బిడ్డ రికార్డు చేసి పెట్టిన రింగ్‌టోన్ అది. కాలనీలో అందరికీ తెలుసు. ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజేశ్వరి ఉయ్యాల గొలుసు వదిలింది. భుజాల మీది మట్టి దులుపుకోకుండానే నడిచి వెళ్లి భర్త ఎదుట నిలబడింది. రమాకాంత్ ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. జేబు మీది అతని చెయ్యి తీసి పక్కన పెట్టి, ఫోన్ బయటకు లాగి, చెవికి ఆనించుకుని క్యాబిన్ వైపు తిరిగింది.

“హలో అన్నా, బండి వాపస్ తీస్కపో. సేటు పెండ్లాన్ని మాట్లాడుతున్న.”