తలుపవతలి మాట

చచ్చిపోయిన మనిషి ఆఖరి మాటకి ఆ దేశం వాళ్ళు నవ్వారు. ఒకరిద్దరు కాదు, హాలంతా. ఇందులో పొరపడ్డానికేం లేదు. వడ్రంగి తన చెవులతో తను విన్నాడు.

ఆట అయ్యాక హాలు బయట గోడవారన ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. ఎదురుగా కూతురి చుట్టూ జనం. సినిమా తీసింది ఆమే. ఒకరు చెయ్యి కలుపుతున్నారు, ఇంకొకరు కావలించుకుంటున్నారు. ముసలావిడ ఒకతె ఇతని దగ్గరికి కూడా వచ్చి, భుజం తట్టి, వాళ్ళ భాషలో ఏదో అంది. ఓ పక్క కళ్ళు తుడుచుకుంటోంది, ఓ పక్క నవ్వుతోంది. వడ్రంగి తల తిప్పుకున్నాడు.

కూర్చున్న బల్లకి ఒక కాలు పొట్టి. బల్ల చెయ్యడం రానివాళ్ళకి మర్యాద ఎక్కడ ఏడ్చింది అనుకున్నాడు.

జనం పలచబడ్డాక కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"వెళ్దామా నాన్నా?"

"ఎందుకు నవ్వారు?"

"ఎక్కడ?"

"ఎక్కడో నీకు తెలుసు."



సినిమా వాళ్ళింటి కథే. ఒకప్పుడు వడ్రంగి ఒక ఆసామికి తలుపు చేసి పెట్టాడు. అది సరిగ్గా పడలేదు. "మా ఆయన లాగే ఉంది, ఎంత బతిమాలినా దారికి రాదు" అని ఆసామి ముందే నవ్వేసింది భార్య. ఆసామీ నవ్వాడు. అంతే. ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా వడ్రంగి ఆమెతో మాట్లాడలేదు. ఒకే గదిలో ముగ్గురూ కూర్చుని అన్నం తినేవాళ్ళు. "మీ అమ్మతో చెప్పు" అని ఇతను, "మీ నాన్నతో చెప్పు" అని ఆమె. మధ్యలో చిన్నపిల్ల, ఇటు మాట అటూ, అటు మాట ఇటూ.

సినిమాలో పిల్ల మాత్రం విన్నది విన్నట్టు మోయదు. "కూర ఉప్పుకశం, నోట్లో పెట్టలేమని చెప్పు" అని తండ్రి అంటే, "అమ్మా, కూర అదిరిందట" అంటుంది. "రుచి తెలిసిన మొహమే!" అని తల్లి మూతి తిప్పితే, "ఇంకాస్త వేసుకోమంటోంది నాన్నా" అంటుంది.

సొంత ఊళ్ళో దీనికి జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. రంపాలకి పదును పెట్టేవాడైతే వీధిలోనే నిలేశాడు.

"మీ ఇంట్లో ఇంత తమాషా నడిస్తే ఒక్క రోజైనా పిలవలేదేం మావా?"

వడ్రంగి ఆ సాయంత్రమే కూతుర్ని అడిగాడు. "ఈ అబద్ధాలన్నీ ఎప్పుడు జరిగాయే మనింట్లో?"

"సినిమా కదా నాన్నా. నవ్వించాలిగా."

పరువు బజారున పడేసింది. అయినా దిగమింగుకున్నాడు, ఆఖరి సీను కోసం.

ఆఖరి సీను ఆసుపత్రి వరండా. తండ్రి బయట కూర్చుని ఉంటాడు. అప్పుడైనా లోపలికి వెళ్ళడు. పిల్ల వెళ్తుంది. తలుపు మూసుకుంటుంది. కాసేపటికి బయటికొచ్చి చెబుతుంది: "నీ మీద కోపం లేదని చెప్పమంది అమ్మ. వెళ్ళి ఏమైనా తినమంది."

అచ్చం అలాగే జరిగింది. పొల్లు పోలేదు. ఊళ్ళో ఆ సీనుకి ఏడవని వాళ్ళు లేరు. రంపాలవాడు చీకట్లో ఇతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అదృష్టవంతుడివి మావా. ఎంతైనా మహాతల్లి, పోతూ పోతూ నీ తప్పు కడుపులో పెట్టుకుని పోయింది."

ఆమె పోయినప్పటి నుంచి వడ్రంగి ఆ ఒక్క మాట మీదే బతుకుతున్నాడు. దాని ఆసరాతోనే పొద్దున లేస్తున్నాడు, వండుకుంటున్నాడు, ఉలి పడుతున్నాడు.

ఇక్కడి వాళ్ళు తమాషాలన్నిటికీ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. కూర సీనుకి ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఘోరం చూసినట్టు. తీరా వరండా సీను రాగానే హాలంతా ఒక్కసారి నవ్వు. వెనకే ముక్కులు చీదుకోవడం, చప్పట్లు.

"మన వేళాకోళాలు వాళ్ళకి అందవు, సరే. చావు కూడా అందదా?"

"అందింది నాన్నా."

"అందితే నవ్వుతారా? మన ఊళ్ళో రాతిగుండె వాడు కూడా ఏడ్చాడు."

"మన ఊళ్ళో అమ్మని తలుచుకుని ఏడ్చారు. వీళ్ళు ఆ పిల్లని చూస్తున్నారు."

"ఆ పిల్లని చూసి నవ్వడానికేముంది?"

కూతురు మెడలో వేలాడుతున్న గుర్తింపు బిళ్ళ తాడుని వేలికి చుట్టుకుంది.

"మీ అమ్మ నాకిచ్చి పోయింది ఆ ఒక్క మాటే. అది నా సొత్తు. తీసుకొచ్చి ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య పారేశావు. వాళ్ళు పళ్ళికిలిస్తుంటే నిలబడి దణ్ణాలు పెట్టావు. కన్నకూతురివి. పరాయివాడు కూడా చెయ్యడు ఇలా."

"ఆ ముసలావిడ నీతో ఏమందో చెప్పనా నాన్నా?"

"అక్కర్లేదు."

"ఒక్కసారి విను."

"నీ నోటితో మోసింది చాలు ఇక." వడ్రంగి లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నా సంగతి నీకు తెలుసు. మాట్లాడనంటే మాట్లాడను. ఈ సినిమా ఊసు, ఆ వరండా ఊసు, ఈ జన్మలో నా నోట రాదు. నువ్వూ నా దగ్గర ఎత్తకు. అయిపోయింది."

బయటి తలుపు దాకా వెళ్ళాడు. కూతురు బల్ల మీంచి లేవలేదు. అక్కడి నుంచే, చిన్నపిల్ల గొంతుతో అంది.

"అమ్మ నన్నేమీ చెప్పమనలేదు నాన్నా."